ఎదురునిల్చే పరీక్ష

ఆ రోజు పొద్దున చేయవలసిన పని చాలా చిన్నది. పదకొండింటికి కార్ల షోరూమ్ వాళ్ళ లారీ వస్తుంది, పాత బండిని ఎక్కించుకుని పోతుంది. ఈలోపు డ్రైవింగ్ మాస్టారు ఆ బండి తాళం చెవిని కూతురి చేతిలో పెట్టాలి. ఇంతే పని. ఇంత చిన్న పనికి ఒక జడ్జిగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఎందుకు నిలబడవలసి వచ్చిందో, వీధి మొదటి నుంచి చివరి దాకా కార్లు ఎందుకు ఇరుక్కుపోయాయో తెలియాలంటే ముందు మాస్టారి సంగతి తెలియాలి.

ఆయన అసలు పేరు ఆయన భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊళ్ళో స్టీరింగు పట్టుకున్న ప్రతివాడికీ ఆయన మాస్టారే. ఇంటి పక్కనే పెద్ద ఖాళీ మైదానం, దాని మూలన రేకుల షెడ్డు, షెడ్డులో మీగడ రంగు పాత బండి. మాస్టారు ఎండాకాలమైనా సరే బూడిదరంగు కోటూ టోపీ లేకుండా గడప దాటేవారు కాదు. కోటు లేని మాస్టారిని చూశామని చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

ఆయన బడికి ఒక ఆచారం ఉండేది. శిక్షణ ముగిసే రోజున మాస్టారు మైదానం మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. శిష్యుడు అవతలి చివర నుంచి బండి నడుపుకుంటూ నేరుగా ఆయన మీదికి రావాలి. బెత్తెడు దూరంలో ఆపాలి. దీన్ని ఎదురునిల్చే పరీక్ష అనేవారు. "బండి నడపడం కాళ్ళూ చేతులూ నేర్చుకుంటాయి. ఆపడం మాత్రం మనసు నేర్చుకోవాలి. ఎదురుగా మనిషి కనపడితేనే మనసు నేర్చుకుంటుంది" అని ఆయన సిద్ధాంతం. ఇన్నేళ్ళలో ఆ పరీక్ష తప్పినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. మాస్టారు జీవితంలో ఇంకేం సంపాదించలేదు గానీ, ఈ ఒక్క మాట చెప్పుకునేటప్పుడు ఆయన మెడ కాస్త నిటారుగా అయ్యేది.

అవి బండి నేర్చుకోవడం అంటే సముద్రం ఈదడమంత గొప్పగా ఉన్న రోజులు. తెల్లవారకముందే శిష్యులు గోడవారన వరసగా నిలబడి, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చేతులు నులుముకుంటూ ఉండేవారు. బండిలో పెట్రోలు వాసనా, వేడెక్కిన రెగ్జిన్ వాసనా కలిసి ఉండేవి. ఒకవైపు కిటికీ అద్దం పూర్తిగా పైకి వచ్చేది కాదు. నేర్చుకునేవాళ్ళకు ఒక బ్రేకు, పక్క సీటులో నేర్పేవాళ్ళకు ఇంకో బ్రేకు. ఆ బండిలో గేరు మార్చడం కంటే మొండి గాడిదను ఒప్పించడం తేలిక. అయినా దానిమీద నేర్చుకున్నవాళ్ళకు ఇప్పటికీ ఏ ఖరీదైన కారు ఎక్కినా ఆ రెగ్జిన్ వాసన ఒకసారి గుర్తొచ్చి, వయసు కాస్త వెనక్కి వెళ్ళినట్టు ఉంటుంది.

కాలం మారింది. ఇప్పుడు బడిని కూతురు నడుపుతోంది. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళు షెడ్డులోకి తొంగి చూసి, "దీనిమీదేనా" అని అడిగి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోతున్నారు. వెళ్ళినవాళ్ళు రావడం లేదు. అందుకని ఆమె షోరూమ్ వాళ్ళతో మాట్లాడి ఒక కొత్త బండి తెప్పించింది. పాతది ఇస్తేనే కొత్తది నిలుస్తుంది. ఇవ్వకపోతే కొత్తది వెనక్కి పోతుంది, దాని వెనకే బడి కూడా మూతపడుతుంది. పాత బండి మాత్రం మాస్టారి పేరు మీద ఉంది, తాళం ఆయన కోటు జేబులో ఉంది.

ముందురోజు సాయంత్రం కొత్త బండిని తెచ్చిన షోరూమ్ అమ్మాయి, దాని గుణగణాలు పెళ్ళిచూపుల్లో పెద్దమ్మలా వర్ణించింది.

"నడిచివెళ్ళేవాళ్ళకి దెబ్బ తగలకుండా ఇందులో రెండు ఏర్పాట్లున్నాయి సార్. ఎదురుగా మనిషొస్తే కెమెరా చూస్తుంది. మీరు బ్రేక్ వేయకపోయినా బండే వేసేస్తుంది."

"చూడకపోతే?" అన్నారు మాస్టారు.

"బంపర్‌లో సెన్సర్లుంటాయి. కాస్త వేగంలో మనిషికి తగిలిందని తెలియగానే బానెట్ వెనకవైపు టక్కున పైకి లేస్తుంది. కింద ఇంజిన్ గట్టిగా ఉంటుంది కదా సార్, తల దానికి కొట్టుకోకుండా మధ్యలో కొంచెం ఖాళీ దొరుకుతుంది."

"అంటే గుద్దేశాక తలకింద దిండు పెడుతుందన్నమాట."

"అలాగే అనుకోండి సార్."

"మర్యాద తెలిసిన బండే" అన్నారు మాస్టారు. "ఆగుతుందో లేదో రేపు పొద్దున నేను ఎదురుగా నిలబడి చూస్తాను."

షోరూమ్ అమ్మాయి మొహం పాలిపోయింది. "అలా మాత్రం చేయకండి సార్. మనుషుల్ని నిలబెట్టి పరీక్ష చేయకూడదని కంపెనీవాళ్ళు గట్టిగా చెప్పారు."

"నేను ఇన్నేళ్ళూ మనిషిని నిలబెట్టే పరీక్ష చేశానమ్మా. ఆ మనిషిని నేనే" అని మాస్టారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిన తరవాత ఆ అమ్మాయి చెప్పినవి కూతురు ఒక్కతే విన్నది. కెమెరా ఉన్న చోట అద్దం శుభ్రంగా ఉంచాలట. వాన, మంచు, దుమ్ము, ఏది అడ్డమొచ్చినా దానికి కనపడదట. దీన్ని నమ్ముకుని డ్రైవరు కళ్ళు మూసుకోకూడదట. బానెట్ ఒకసారి లేచిందంటే ఎవరూ దాన్ని కిందికి నొక్కకూడదట, వర్క్‌షాపువాళ్ళే చూసుకోవాలట. కూతురు శ్రద్ధగా తల ఊపింది. మాస్టారు వినవలసిన మాటలన్నీ ఆయన లేనప్పుడే వచ్చాయి.

రాత్రి భోజనాల దగ్గర తండ్రీకూతుళ్ళు ఒక రాజీకి వచ్చారు.

"మన బళ్ళో పరీక్ష పాసవకుండా ఎవరూ బయటికెళ్ళలేదు. దీనికి మాత్రం మినహాయింపు ఎందుకు?" అన్నారు మాస్టారు. "ఆగితే తాళం నీ చేతిలో పెడతాను. ఆగకపోతే కొత్తది వచ్చిన దారినే పోతుంది."

"నువ్వు నిలబడితే నేను బండి ఎక్కను నాన్నా. నీ బదులు ఇంకేదైనా నిలబెట్టు."

మాస్టారి భార్య ఇద్దరి మధ్యా కూర్చుని భోజనం చేస్తూ ఏమీ మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోవడంగా లెక్కవేయడం మాస్టారికి పెళ్ళయినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

తెల్లవారాక మాస్టారు మొదట చేసిన పని కొత్త బండికి బడి స్టిక్కరు అంటించడం. పసుపు పచ్చ స్టిక్కరు, మీద ఎర్రక్షరాలతో బడి పేరు. పాత బండికి అది ఎప్పుడూ ముందు అద్దానికి పైభాగాన, సరిగ్గా మధ్యలో ఉండేది. కొత్తదానికి కూడా అక్కడే, బయటినుంచి, బుడగ లేకుండా బొటనవేలితో నొక్కి మరీ అంటించారు. శత్రువైనా సరే మన బళ్ళో పరీక్షకు కూర్చునేటప్పుడు మన బడి పేరు ఉండాలన్నది ఆయన న్యాయం. కెమెరా సరిగ్గా ఆ స్టిక్కరు వెనకే ఉంది. పాపం ఆ బండికి మాస్టారు తన చేతులతోనే, ముద్దుగా, కళ్ళకు గంతలు కట్టారు.

కూతురు వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. స్టిక్కరు ఆమె కంట పడలేదు. పుట్టినప్పటి నుంచి అదే చోట చూస్తున్న వస్తువు అక్కడ ఉంటే ఎవరికీ కనపడదు, లేకపోతేనే కనపడుతుంది. లోపల కూర్చుంటే వెనకచూపు అద్దం చాటున దాగి అసలే తెలియదు. ఇంజిన్ వేయగానే తెర మీద ఒక పసుపు గుర్తు వచ్చి ఏదో మోగింది. ఈ బండి నిన్నటి నుంచి తలుపు తీసినా, వేసినా, తాళం చెవి మరచినా, మరవకపోయినా మోగుతూనే ఉంది. ఆమె దాన్ని నొక్కి నోరు మూయించింది.

అటు మాస్టారు షెడ్డులో తన బదులు నిలబడే మనిషిని తయారుచేస్తున్నారు. కోటు తగిలించే స్టాండుకు రెండు దిండ్లు కట్టారు. ఆ బండి తనను చూసినట్టే చూడాలి గనక తన కోటూ, ప్యాంటూ, బూట్లూ దానికే తొడిగారు. తలకు వంటింట్లోంచి ఒక మట్టికుండ పట్టుకొచ్చి బోర్లించి, దానిమీద టోపీ పెట్టారు. దూరం నుంచి చూస్తే అచ్చం మాస్టారే. కాకపోతే కుండ కాస్త ప్రశాంతంగా ఉంది. దాన్ని మైదానం మధ్యలో నిలబెట్టి వచ్చి, రెండు నిమిషాల పనే కదా అని బనియనూ నిక్కరుతో పాత బండిలో ఎక్కి కూర్చుని, సగం దిగిన కిటికీలోంచి చెయ్యి ఊపారు.

కూతురు అవతలి చివర నుంచి బయలుదేరింది. పరీక్ష తనకు కాదు, బండికి గనక కాలు బ్రేకు మీద పెట్టలేదు. వేగం పెరిగింది. బొమ్మ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆగుతుంది అనుకుంది. ఇంకా దగ్గరికి వచ్చింది. ఇదిగో ఇప్పుడు అనుకుంది. ధన్‌మని శబ్దమైంది, ఆ వెంటనే తుపాకి పేలినట్టు ఇంకో శబ్దమైంది. బొమ్మ గాల్లోకి లేచి బానెట్ మీద బోర్లాపడింది. బానెట్ వెనకభాగం లేచి ఆమె కళ్ళముందు అడ్డంగా నిలబడింది. ఆమె బ్రేకు తొక్కి షెడ్డు ముందు ఆపింది గానీ, అప్పటికే దానివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

మైదానానికి ఎదురుగా మందుల షాపు. షాపాయన మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నాడు. ఆయనా మాస్టారి శిష్యుడే. కోటూ టోపీ వేసుకున్న మనిషి మైదానం మధ్యలో నిలబడి ఉండటం చూసి, చాలా ఏళ్ళ తరవాత ఎవరో పరీక్ష ఇస్తున్నారని సంతోషించాడు. ఆ మనిషి గాల్లోకి లేవడం కూడా చూశాడు. ఇంకో ఊళ్ళో అయితే బండి ఎదుట మనిషి అలా కదలకుండా నిలబడ్డాడేమిటని అనుమానం రావాలి. ఈ ఊళ్ళో అలా నిలబడేది మాస్టారు ఒక్కరే. టీ గ్లాసు అక్కడే వదిలేసి ఆయన బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేశాడు. ఆవిడా శిష్యురాలే. ఆవిడ రిటైరైన జడ్జిగారికి చేసింది. ఆయనా శిష్యుడే, ఆయన ఇంకొకరికి చేశారు. గోరంత కొండంత అవడానికి సాధారణంగా ఊరంతా తిరగాలి. ఇక్కడ మొదలే కొండంత గనక మూడు ఫోన్లతో సరిపోయింది.

ఇటు కూతురు షోరూమ్ అమ్మాయికి ఫోన్ చేసింది. బానెట్ ముట్టుకోవద్దనీ, దానిమీద కవరు కప్పేసి ఎవరినీ దగ్గరికి రానివ్వద్దనీ ఆ అమ్మాయి చెప్పింది. కూతురు వెండి రంగు కవరు తెచ్చి బానెట్నీ, దానిమీదున్న బొమ్మనూ కలిపి కప్పేసింది. బూట్లు మాత్రం బయటికి వచ్చి ఉన్నాయి. మందుల షాపాయన పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆమె ఇంట్లోకి వెళుతూ ఫోన్‌లో అంటున్న మాటలు వినపడ్డాయి.

"లేదండీ, ముట్టుకోలేదు. కప్పేశాను. లారీ తొందరగా పంపించండి, అమ్మ చూస్తే బాధపడుతుంది."

మందుల షాపాయన బూట్ల వంక చూశాడు. అవి మాస్టారి బూట్లే. ఆయన అక్కడే నేలమీద కూలబడ్డాడు.

బండి ఆగలేదేమిటా అని అంతసేపూ పాత బండిలోనే కూర్చుండిపోయిన మాస్టారు అప్పుడు తలుపు తెరవబోయి ఆగారు. బయట మనిషి ఉన్నాడు. ఒంటిమీద బనియనే ఉంది. వాడు వెళ్ళిపోయాక దిగుదాం అనుకున్నారు. వాడు వెళ్ళలేదు సరికదా, బ్యాంకు మేనేజరమ్మ వచ్చింది. ఆడవాళ్ళ ముందు నిక్కరుతోనా అని మాస్టారు సీటులో ఇంకాస్త కిందికి జారారు. జడ్జిగారు వచ్చారు. మాస్టారు ఇంకా జారారు. తరవాత శిష్యులందరూ కార్లలో రావడం మొదలైంది. ఒక్కొక్కరూ ముందున్న కారుకు సరిగ్గా బెత్తెడు దూరంలో ఆపారు. అలా గేటు నుంచి వీధి చివరి దాకా ఒక వరస తయారైంది. అందులోంచి ఇక ముందుకు పోవడానికీ లేదు, తిరగడానికీ లేదు. మాస్టారు ఎంత బాగా నేర్పారో ఆ వరస చూస్తే తెలుస్తుంది.

కవరు ఎత్తి చూసే ధైర్యం ఎవరికీ లేదు. జడ్జిగారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఈ మైదానంలోకి వచ్చి ఎన్నేళ్ళయిందో" అంది బ్యాంకు మేనేజరమ్మ. "అప్పుడు మా అమ్మ చెప్పులు వేసుకొచ్చేదాన్ని. ఎడమ పెడల్ మీద కాలు పెడితే చెప్పు కుడి పెడల్ కిందికి పోయేది. మాస్టారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చెప్పు తీసి చేతికిచ్చేవారు."

"మా నాన్న చనిపోయిన నెలలోనే మాస్టారు నాకు పాఠాలు చెప్పారు" అన్నాడు మందుల షాపాయన. "గేరు మార్చమంటే ఏడ్చేవాణ్ణి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. ఏడుపు అయ్యాక, ఇప్పుడు రెండో గేరు వేద్దాం అనేవారు."

పాత బండిలో మాస్టారు కిటికీ వైపు చెవి పెట్టారు. సగం దిగిన కిటికీలోంచి ప్రతి మాటా వినపడుతోంది. ఈ మీసాలవాడు ఒకప్పుడు స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చిన బక్కపిల్లాడే. ఆ పొద్దుటి చలి, గోడవారన వరస, వాడి పాత నీలం చొక్కా అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ రోజులు మళ్ళీ రావు గదా అని ఆయనకు చాలా దిగులేసింది. తను ఇంకా బతికే ఉన్నందుకు కొంచెం మొహమాటం కూడా వేసింది.

అప్పుడు మందుల షాపాయన తల దించుకుని అన్నాడు. "ఇప్పుడైనా చెప్పేయాలి. నేను ఆ పరీక్ష పాసవలేదండీ."

"అదేంటి?" అన్నారు జడ్జిగారు.

"మాస్టారి మీదికి వెళ్తుంటే భయమేసి కళ్ళు మూసుకున్నాను. కాలు ఎక్కడుందో కూడా తెలీదు. బండి దానంతటదే ఆగింది. కళ్ళు తెరిచేసరికి మాస్టారు చప్పట్లు కొడుతున్నారు."

బ్యాంకు మేనేజరమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "నాదీ అంతే. చెప్పు మళ్ళీ ఇరుక్కుంది. నేను తొక్కలేదు."

జడ్జిగారు టోపీని ఇటూ అటూ తిప్పారు. "నేను బ్రేకా, క్లచ్చా అని ఆలోచిస్తూ తీర్పు వాయిదా వేశాను. ఈలోపు బండి ఆగింది."

"మరి ఎవరు ఆపినట్టు?" అన్నాడు వెనక నిలబడ్డ ఒకాయన. ఆయనకు సమాధానం తెలుసు. అందరికీ తెలుసు. తనొక్కడికే తెలుసునని ఇన్నేళ్ళుగా ప్రతివాడూ అనుకుంటున్నాడు, అంతే.

"పక్క సీట్లో అమ్మగారు కూర్చునేవారు" అంది బ్యాంకు మేనేజరమ్మ. "ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ. ఒలుస్తూనే అటువైపు బ్రేకు తొక్కేశారు. ఒక్క గింజ కింద పడలేదు. ఎవరికీ చెప్పకమ్మా, ఆయన సంతోషపడనీ అన్నారు."

"నాతోనూ అదే అన్నారు" అన్నారు జడ్జిగారు.

సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య ఇంట్లోంచి బయటికి వచ్చింది. కూతురు ఆవిడ వెనకే వచ్చి, జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారి భార్య అందరి మొహాలూ చూసింది. జడ్జిగారు ముందుకు వచ్చి, ఏళ్ళ తరబడి తీర్పులు చదివిన గొంతుతో, "అమ్మగారూ, మీరు గుండె దిటవు చేసుకోవాలి" అన్నారు. ఆవిడ ఆయన్ని తప్పించుకుని నేరుగా బండి దగ్గరికి వెళ్ళి కవరు ఎత్తింది. టోపీ పక్కకు తీసింది.

"ఇదిగో నా కుండ" అంది. "తెల్లారినప్పటి నుంచీ వెతుకుతున్నాను."

షెడ్డులో పాత బండి తలుపు కిర్రుమంది. బనియనూ నిక్కరుతో మాస్టారు దిగి వచ్చారు. ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడని ఆ దృశ్యాన్ని చూసి కొందరు తల తిప్పుకున్నారు, మందుల షాపాయన మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మాస్టారు ఎవరినీ పట్టించుకోలేదు. ఆయనకు తన బట్టల సంగతే గుర్తులేదు. నేరుగా భార్య ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

"గాలి కోసం వచ్చి కూర్చుంటానన్నావు కదే" అన్నారు.

"గాలి కూడా బాగానే వచ్చేది" అంది ఆవిడ.

"అన్నిసార్లూ నువ్వే తొక్కావా?"

ఆవిడ కుండకు అంటిన దుమ్ము కొంగుతో తుడుస్తూ ఊరుకుంది. ఈసారి ఆ మౌనాన్ని ఎలా లెక్కవేయాలో మాస్టారికి తెలియకపోవడం కాదు, తెలిసింది. అందుకే ఆయన మెడ వంగింది.

"ఒక్కళ్ళైనా సొంతంగా ఆగారా?"

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. "ఆగేవాళ్ళేనేమోనండీ. నేను వాళ్ళకి అవకాశం ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"ఎదురుగా నిలబడింది మీరు కాబట్టి" అంది. తరవాత అందరూ వింటున్నారని గమనించి కూడా ఆగలేదు. "నా పరీక్ష రోజు పక్క సీట్లో ఎవరూ లేరు. నేను ఆగలేదు. మిమ్మల్ని పడేశాను. కాలు విరిగి కింద పడుకుని కూడా పాసయ్యావు అన్నారు. ఆ కాలు బాగయ్యే దాకా రోజూ చూడటానికొచ్చి, చివరికి ఇంట్లోనే ఉండిపోయాను. మనిషి ఎదురుగా ఉంటే మనసు ఆపేస్తుందని మీరంటారు. నా మనసు ఆ రోజు ఆపమనే అంది. కాలే వినలేదు. మిగతావాళ్ళ కాళ్ళని నేనెలా నమ్మను?"

మాస్టారికి ఇన్నేళ్ళ బడి ఒక్క పూటలో కూలినట్టు మొదట అనిపించింది. కానీ ఎదురుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏ మాత్రం భయం లేకుండా నవ్వుతూ ఉండగలిగిన ఆ పొద్దులన్నింటిలో తనను ఇంతగా కావాలనుకున్న మనిషి అద్దం వెనక కూర్చుని ఉందని తెలిశాక, పోయిన గౌరవం కంటే దొరికిందే ఎక్కువనిపించింది. ఆ మాట పైకి చెప్పడం ఆయనకు చేతకాలేదు. "చలిగా ఉంది, నా కోటు ఇవ్వు" అన్నారు. ఆవిడే బొమ్మ ఒంటిమీద నుంచి కోటు విప్పి ఆయనకు తొడిగింది.

ఇంతలో షోరూమ్ అమ్మాయి నడుచుకుంటూ వచ్చింది. లారీ వీధి చివర ఆగిపోయిందనీ, లోపలికి చీమ దూరే సందు కూడా లేదనీ చెప్పింది. అప్పుడు మాస్టారు నిక్కరు మీద కోటుతోనే గేటు దగ్గరికి వెళ్ళి చెయ్యి ఎత్తారు. శిష్యులు పరుగెత్తి తమ కార్లెక్కారు. "చివరి బండి వెనక్కి. అద్దంలో చూడు, మెడ తిప్పు. తొందరేం లేదు" అని ఆయన ఒక్కొక్కరినీ వెనక్కి నడిపించారు. జడ్జిగారు వంకరగా వచ్చారని రెండుసార్లు వెనక్కి తీయించారు. ఆ కాసేపూ అందరూ మళ్ళీ చిన్నవాళ్ళయ్యారు. ఒక్కరికీ వెళ్ళాలని లేదు. పక్కన బళ్ళు పెట్టి మళ్ళీ నడిచి లోపలికి వచ్చారు.

షోరూమ్ అమ్మాయి బండిని చూడగానే జబ్బు కనిపెట్టింది. పసుపు స్టిక్కరు మీద వేలు పెట్టి, "ఇదెవరు అంటించారు?" అంది.

మాస్టారు కోటు గుండీలు పెట్టుకోవడంలో చాలా శ్రద్ధ చూపించారు.

"కెమెరాకి అడ్డం వచ్చింది మేడమ్. పొద్దున తెర మీద పసుపు గుర్తు రాలేదా?"

"వచ్చింది" అంది కూతురు. "నేనే నొక్కేశాను."

"కళ్ళు మూసేస్తే అది మాత్రం ఏం చేస్తుంది? అయినా రెండోది సరిగ్గానే పనిచేసింది. చూడండి, కుండకి పగులు కూడా లేదు."

మాస్టారు భార్య చేతిలోని కుండ తీసుకుని ఎండకు తిప్పి తిప్పి చూశారు. నిజంగానే సన్నని గీత కూడా లేదు. ఆయన జేబులోంచి పాత బండి తాళం తీసి కూతురి అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తనే ముడిచారు.

"ఆగలేదు కదా నాన్నా" అంది కూతురు.

"నేను కళ్ళకు గంతలు కట్టి పరీక్ష పెట్టాను. తప్పింది మాస్టారు, బండి కాదు. అయినా ఆగని వాళ్ళని పాస్ చేయడం నాకు కొత్తేం కాదు" అన్నారు. కూతురి కళ్ళు చెమర్చాయి. బడి నిలిచింది.

నిలిచింది గానీ, ఆ పూటకు లారీలో ఎక్కింది పాత బండి కాదు. బానెట్ లేచిన బండిని నడపకూడదు గనక కొత్తదాన్నే ఎక్కించి వర్క్‌షాపుకు తీసుకుపోవలసి వచ్చింది. అది బాగై తిరిగొచ్చాక పాతది ఇస్తే చాలని షోరూమ్ అమ్మాయి ఒప్పుకుంది. కొత్తగా చేరడానికి వచ్చేవాళ్ళకు అంతదాకా పాత బండి మీదే పాఠాలు. ఆ మాట విని గోడవారన నిలబడ్డ పాత శిష్యుల్లో ఇద్దరు, తామూ ఒక చుట్టు తిరగవచ్చా అని అడిగారు.

లారీ ఎక్కబోతూ షోరూమ్ అమ్మాయి మీగడ రంగు బండి వంక కొంచెం ఆందోళనగా చూసింది.

"అంతవరకూ దీంతో జాగ్రత్త మేడమ్. ఇంత పాత బండిలో నడిచేవాళ్ళ రక్షణకి ఏర్పాటేమీ ఉండదు కదా."

"ఉందమ్మా" అంది మాస్టారి భార్య. "కాకపోతే భోజనం చేశాక ఒక గంట పడుకుంటుంది."